ఆ పదకొండు నిమిషాలు

జపాన్‌లో టోక్యోకు ఉత్తరాన సైతామా అనే నగరం ఉంది. 2011 సెప్టెంబరు 29న ఆ ఊళ్ళో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలు రిలే పరుగు పోటీకి సాధన చేస్తున్నారు. వాళ్ళలో ఆరో తరగతి చదివే అమ్మాయి ఒకతె, వయసు 11 ఏళ్ళు, 1000 మీటర్లూ పరుగెత్తింది. చివరి గీత దాటింది. దాటిన వెంటనే కుప్పకూలిపోయింది.

టీచర్లు పరుగెత్తుకొచ్చారు. ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. అంబులెన్సుకు కబురు చేశారు, స్ట్రెచరు మీద బడిలోని ఆరోగ్యగదికి మోసుకెళ్ళారు, నాడి చూశారు. నాడి ఉన్నట్టే అనిపించింది. పాప నోరు తెరిచి గాలి పీలుస్తున్నట్టు కనిపించింది. ఊపిరి ఆడుతోంది కదా అని ధైర్యం తెచ్చుకున్నారు. అంబులెన్సు రావడానికి 11 నిమిషాలు పట్టింది. వచ్చినవాళ్ళు చూసేసరికి గుండె ఆగి ఉంది. మర్నాడు ఆ పాప చనిపోయింది.

గుండెకు షాకు ఇచ్చి మళ్ళీ దారిలో పెట్టే యంత్రం ఒకటుంది. దాన్ని ఎఇడి అంటారు. ఆ బడిలో అది ఉంది. ఆ రోజు ఎవరూ దాన్ని వాడలేదు.

టీచర్లు ఊపిరి అనుకున్నదానికి మన పెద్దవాళ్ళ దగ్గర ఒక పేరుంది. ఎగశ్వాస. మంచాన పడ్డ ముసలివాళ్ళ విషయంలో ఆ మాట వింటుంటాం. గుండె ఆగిపోయాక కూడా మెదడు అడుగుభాగం కాసేపు పనిచేస్తూ, చేప ఒడ్డున పడి నోరు తెరిచినట్టు, ఉండి ఉండి ఒక్కో గుక్క లాగిస్తుంది. ఆ గుక్కతో ఊపిరితిత్తులకు చేరే గాలి ప్రాణానికి ఏ మాత్రమూ సరిపోదు. పదకొండేళ్ళ పిల్లలో అది ఎగశ్వాస అని గుర్తుపట్టడం ఎవరికైనా కష్టమే. ఎందుకంటే అంత చిన్నపిల్ల గుండె ఆగుతుందని ఎవరి మనసూ ఒప్పుకోదు. నేను ఈ రోజు మాట్లాడాలనుకున్నది ఆ ఒప్పుకోకపోవడం గురించే.

మన పత్రికల్లో ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా శీర్షిక ఒకేలా ఉంటుంది: గుండెపోటుతో విద్యార్థి మృతి. పిల్లల విషయంలో గుండెపోటు అన్నది చాలాసార్లు సరైన మాట కాదు. పొలంలో బోరు మోటారు ఆగిపోయిందనుకోండి. పైపు పూడిపోయి ఆగవచ్చు, కరెంటులో ఫేజు తప్పి ఆగవచ్చు. రైతుకు ఈ రెండింటి తేడా ఒకరు చెప్పనక్కర్లేదు. గుండెపోటు పైపు పూడుకుపోవడం లాంటిది. గుండె కండరానికి రక్తం తీసుకెళ్ళే నాళంలో అడ్డు పడుతుంది. అది ఎక్కువగా వయసు మళ్ళినవాళ్ళకు, పొగతాగేవాళ్ళకు, షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు వచ్చేది. పిల్లల్లో, పాతికేళ్ళ యువకుల్లో అకస్మాత్తుగా జరిగేది చాలావరకు ఫేజు తప్పడం. గుండెలో పుట్టే విద్యుత్తు లయ తప్పి, కండరం కొట్టుకోవడం మాని అదురుతూ ఉండిపోతుంది. రక్తం కదలదు. కొన్ని సెకన్లలో మనిషి పడిపోతాడు. ఎఇడి చేసే పని స్టార్టరు ఒకసారి ఆపి మళ్ళీ వేయడం లాంటిది.

ఫేజు ఎందుకు తప్పుతుంది? కొందరికి పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల గుండె కండరం మందంగా తయారవుతుంది. ఇది దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుందని వైద్యుల అంచనా. చాలామంది ఆ సంగతి తెలియకుండానే నిండు జీవితం గడుపుతారు. కొందరికి మాత్రం ఆటలో, పరుగులో లయ తప్పుతుంది. కొందరిలో గుండెకు రక్తం తెచ్చే నాళం పుట్టుకతోనే తప్పుదారిలో ఉంటుంది. కొందరికి వైరస్ జ్వరం వచ్చినప్పుడు గుండె కండరం వాస్తుంది. కొన్నిసార్లు ఏ జబ్బూ లేని గుండె కూడా సరిగ్గా ఒక క్షణంలో రొమ్ము మీద బంతి బలంగా తగిలితే ఆగిపోతుంది. ఇంకా కొందరి గుండె కంటికి అన్నివిధాలా బాగుంటుంది, కోసి చూసినా లోపం దొరకదు. లోపమంతా విద్యుత్తులోనే ఉంటుంది.

ఈ చివరి రకం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన ప్రాంతానికి దానితో ప్రత్యేకమైన సంబంధం ఉంది.

1856లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మైస్నర్ అనే వైద్యుడు ఒక సంఘటన రాసిపెట్టాడు. పుట్టు చెవుడు ఉన్న ఒక అమ్మాయిని బడిలో చిన్న తప్పుకు పెద్దాయన ముందు నిలబెట్టి మందలించబోయారు. ఆ అమ్మాయి అక్కడే పడి చనిపోయింది. ఆ కబురు విన్న తల్లిదండ్రులు ఏడ్చారే గాని ఆశ్చర్యపోలేదట. వాళ్ళ పిల్లలు మరో ఇద్దరు అంతకుముందే ఇలాగే, ఒకరు భయంతో, ఒకరు కోపంతో ఊగిపోతూ పోయారు. అప్పటికి గుండెలోని విద్యుత్తును గీతలుగా గీసి చూపే ఇసిజి యంత్రమే లేదు. మరో వందేళ్ళకు, 1957లో, నార్వేలో యెర్వెల్, లాంగె-నీల్సన్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుటుంబాన్ని చూశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురికి పుట్టు చెవుడు. ఆ నలుగురికీ ఉన్నట్టుండి స్పృహ తప్పే జబ్బు. వాళ్ళలో ముగ్గురు చిన్నతనంలోనే హఠాత్తుగా చనిపోయారు. ఈసారి ఇసిజి ఉంది. అందులో క్యూటీ అనే భాగం ఉండవలసినదానికంటే పొడవుగా కనిపించింది. ఆ జబ్బుకు ఇప్పటికీ ఆ ఇద్దరి పేరే ఉంది.

చెవుడుతో కలిసి వచ్చే ఈ రకం తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులూ కలిస్తేనే వస్తుంది. బయటి సంబంధాల్లో అది చాలా అరుదు. మేనమామను, మేనబావను చేసుకునే ఇళ్ళల్లో ఒకే తాత నుంచి వచ్చిన లోపం రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. మేనరికం తప్పని నేను ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. ఆ సంబంధాల వెనుక ఎన్ని ఆప్యాయతలు, ఎన్ని ఆస్తి లెక్కలు ఉంటాయో మనందరికీ తెలుసు. నేను అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో గాని, మీ చుట్టాల్లో గాని పుట్టు చెవుడు ఉన్న బిడ్డ ఉంటే, ఆ బిడ్డకు ఒక్కసారి ఇసిజి తీయించండి. పది నిమిషాల పని. సూది లేదు, నొప్పి లేదు. చెవిలో కాక్లియర్ ఇంప్లాంటు వేయించే ముందయితే దాన్ని అసలు వదలకూడదు. లోపం కనిపిస్తే వాడే మొదటి మందులు బీటా బ్లాకర్లు. అవి ఖరీదైనవి కావు. అంతమంది తల్లులకు గర్భశోకం మిగిల్చిన జబ్బు ముప్పును రోజూ వేసుకునే మాత్ర కొంతవరకు తగ్గించగలుగుతోంది.

చెవుడు లేకుండా వచ్చే రకాలు ఇంకా ఎక్కువ. వాటికి తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చిన లోపం చాలు. ఒక రకంలో పరుగులోనో ఈతలోనో పడిపోతారు. ఇంకో రకంలో అలారం మోగినా, నిద్రలో ఫోను గణగణమన్నా లయ తప్పుతుంది. ఈత బాగా వచ్చిన పిల్లవాడు తెలిసిన కాలువలోనే మునిగి పోయాడంటే మనం జలగండం అనుకుని ఊరుకుంటాం. ఆ ఇంట్లో మిగిలిన పిల్లల గుండెను కూడా చూడాలని వైద్యులంటారు.

అందుకే పిల్లలు స్పృహ తప్పడాన్ని రెండు రకాలుగా చూడడం నేర్చుకోవాలి. బడి ప్రార్థనలో ఎండకు చాలాసేపు నిలబడి, చెమటలు పట్టి, కళ్ళు మసకలై, మెల్లగా జారిపోయే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తి పెడితే తేరుకుంటారు. అందులో చాలావరకు భయపడవలసింది లేదు. పరుగెత్తుతూ పరుగెత్తుతూ, ఏ సూచనా లేకుండా, చేతులు అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా లేకుండా మొహం పగిలేలా పడ్డ పిల్ల సంగతి వేరు. ఈదుతూ స్పృహ తప్పినా, హఠాత్తుగా పెద్ద శబ్దానికి తప్పినా అంతే. ఒక నిమిషంలో లేచి కూర్చుని, ‘నాకేం కాలేదు మాస్టారూ, మళ్ళీ ఆడతా’ అన్నా సరే, ఆ రోజు ఆట ఆపాలి. ఇసిజి తీయించాలి. పొద్దున టిఫిను తినలేదనో, ఎండదెబ్బనో, దిష్టి తగిలిందనో సర్దిచెప్పుకున్న ఇళ్ళల్లో రెండోసారి పడిపోయినప్పుడు కొందరు పిల్లలు లేవరు.

రెండో సూచన ఇంటి చరిత్ర. మా చిన్నాన్న ముప్ఫై ఏళ్ళకే నిద్రలో పోయాడు, మా అత్త కొడుకు పెళ్ళయిన ఏడాదికే కల్లం దగ్గర కూలబడ్డాడు, ఇలాంటి మాటలు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు శుభకార్యాల్లో పక్కకు జరిగి చెప్పుకుంటారు. పిల్లల చెవిన పడనివ్వరు. ఆ మాటలు డాక్టరు చెవిన పడాలి. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసిఎంఆర్, 18 నుంచి 45 ఏళ్ళ లోపు ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయినవాళ్ళ మీద దేశమంతటా 47 ఆసుపత్రుల ద్వారా అధ్యయనం చేసి, 2023లో ఫలితాలు ప్రచురించింది. 729 మరణాలను తీసుకుని, అదే ప్రాంతంలో అదే వయసులో బతికున్న 2916 మందితో పోల్చి చూశారు. కరోనా టీకా ఈ ముప్పును పెంచలేదని తేలింది. టీకా వల్లనే కుర్రవాళ్ళు పోతున్నారని వాట్సాప్‌లో తిరుగుతున్న వీడియోలు చూసి బెంగపడుతున్న తల్లిదండ్రులు ఈ మాట మనసులో పెట్టుకోవాలి. ముప్పు పెంచినవాటిలో ఏమున్నాయంటే, ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉండడం, గతంలో కరోనాతో ఆసుపత్రిలో చేరి ఉండడం, చనిపోవడానికి ముందు 48 గంటల్లో విపరీతంగా తాగడం, మత్తు పదార్థాలు, అదే 48 గంటల్లో చాలా తీవ్రమైన శారీరక శ్రమ.

ఈ చివరి మాట మన దగ్గర పోలీసు ఉద్యోగాలకు, సైన్యానికి తయారయ్యే కుర్రవాళ్ళు వినాలి. నెలల తరబడి కూర్చుని చదివి, 1600 మీటర్ల పరుగు కోసం చివరి వారంలో ఒక్కసారిగా ఒళ్ళు హూనం చేసుకునేవాళ్ళను చూస్తున్నాం. జ్వరం తగ్గీ తగ్గక ముందే, టైమింగు పోతుందని మైదానానికి వెళ్ళేవాళ్ళను చూస్తున్నాం. బాబూ, జ్వరంతో పరుగెత్తవద్దు. గుండె కండరం వాచి ఉంటే ఆ సంగతి నీకు తెలియదు. వాపు ఉందని తేలినవాళ్ళకు మూడు నుంచి ఆరు నెలల దాకా పోటీ ఆటలు మానమని వైద్యులు చెబుతారు. ఉద్యోగ ప్రకటన మళ్ళీ వస్తుంది.

ఆటగాళ్ళందరికీ ముందే పరీక్ష చేస్తే పోదా అని మీరు అడగవచ్చు. ఇటలీ ఆ పనే చేసింది. 1982 నుంచి పోటీ ఆటలు ఆడేవాళ్ళకు ఇసిజితో సహా వైద్యపరీక్ష తప్పనిసరి చేసింది. ఆ దేశంలో వెనెతో ప్రాంతపు లెక్కలు చూస్తే, యువ క్రీడాకారుల్లో హఠాన్మరణాలు పరీక్షలకు ముందు ఏడాదికి లక్ష మందిలో 3.6 ఉండగా, 2004 నాటికి 0.4కు తగ్గాయి. జపాన్ బడి పిల్లలకే ఇసిజి తీస్తుంది. ఈ పద్ధతి అన్ని దేశాలకూ పనికొస్తుందా అని వైద్యుల్లో ఇంకా వాదన నడుస్తోంది. లేని జబ్బు ఉందని భయపెట్టి ఆట మాన్పించే ప్రమాదం కూడా ఉంది. కోట్లమంది పిల్లలున్న మనం రేపటికల్లా అందరికీ ఇసిజి తీయలేమన్నది నిజమే. కానీ జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీలకు వెళ్ళే పిల్లలను, ‘ఆడుతూ ఎప్పుడైనా స్పృహ తప్పావా, మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా’ అని అడగడానికి పైసా ఖర్చు లేదు. ఆ రెండు ప్రశ్నలు లేకుండా క్రీడా ధ్రువపత్రం ఇవ్వడం నా దృష్టిలో తప్పు.

ఇంత చూసినా కొందరి గుండె ఏ సూచనా లేకుండానే ఆగుతుంది. అప్పుడు పక్కన ఉండేది డాక్టరు కాదు. మీరూ నేనూ.

మనం ఏం చేస్తామో చెప్పనా? మొహాన నీళ్ళు కొడతాం. నోట్లో సోడా పోస్తాం. గుండె ఆగిన మొదటి క్షణాల్లో మెదడుకు రక్తం అందక కాళ్ళూ చేతులూ కొట్టుకోవచ్చు. దాన్ని చూసి ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెడతాం. చుట్టూ ముప్ఫై మంది మూగుతారు, పదిమంది ఫోనులో వీడియో తీస్తారు. తాళాల గుత్తి కోసం వెతికిన ఆ రెండు నిమిషాల్లో ఎంత పోతుందో వినండి. గుండె ఆగాక ఏమీ చేయకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. పది నిమిషాలు దాటితే దాదాపు ఏమీ మిగలదు.

ఇప్పుడు మీరు ఎక్కడ కూర్చుని వింటున్నారో అక్కడే, నాతో కలిసి చేయండి. ఎడమ అరచేతి మడమను, అంటే మణికట్టుకు ఆనుకున్న గట్టి భాగాన్ని, మీ రొమ్ము మధ్యలో ఎముక మీద, కింది సగంలో ఆనించి చూడండి. చేతులు వేయవలసిన చోటు అదే. పడిపోయిన మనిషిని భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకలేదు, ఊపిరి మామూలుగా లేదు. ఇంక ఆలోచించకండి. ఒకరిని వేలు పెట్టి చూపించి 108కి ఫోను చేయమనండి. ఎవరైనా చేయండి అంటే ఎవరూ చేయరు. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేతి మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, చపాతీ పిండి పిసికేటప్పుడు ఒంటి బరువంతా వేసినట్టు నొక్కండి. పెద్దవాళ్ళకు రెండు అంగుళాల లోతు. చిన్నపిల్లలకు రొమ్ము మందంలో మూడో వంతు, ఒక చెయ్యి చాలు. నొక్కిన ప్రతిసారీ రొమ్మును పూర్తిగా పైకి లేవనివ్వండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఒకటీ రెండూ మూడూ నాలుగూ, ఈ వేగంతో. అలసిపోతే రెండు నిమిషాలకొకసారి మనిషిని మార్చండి. నీళ్ళలో మునిగిన పిల్లలకు, పసివాళ్ళకు నోటితో ఊపిరి ఊదడం కూడా అవసరం. 30 సార్లు నొక్కి, రెండుసార్లు ఊదాలి. అది శిక్షణలో నేర్చుకోవచ్చు. రాకపోతే నొక్కడమైనా ఆపవద్దు.

పక్కటెముక విరుగుతుందేమోనని భయం. విరగవచ్చు, మళ్ళీ అతుక్కుంటుంది. గుండె ఆగలేదేమో, పొరపాటున నొక్కుతున్నానేమోనని భయం. గుండె కొట్టుకుంటున్న మనిషి అయితే మూలుగుతాడు, మీ చెయ్యి తోసేస్తాడు, మీరు ఆపేస్తారు. ఆ పొరపాటుకు పెద్ద నష్టం లేదు.

2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్, ఫిన్లాండ్ జట్ల యూరో ఫుట్‌బాల్ ఆట మధ్యలో 29 ఏళ్ళ క్రిస్టియన్ ఎరిక్సన్ పడిపోవడం లోకమంతా టీవీలో చూసింది. తోటి ఆటగాళ్ళు చుట్టూ గోడలా నిలబడ్డారు, వైద్యులు మైదానంలోనే రొమ్ము నొక్కి షాకు ఇచ్చారు. అతను బతికాడు. రొమ్ములో చిన్న యంత్రం పెట్టించుకుని మళ్ళీ ఆడాడు. మూడేళ్ళ తరువాత అదే యూరో పోటీల్లో స్లొవేనియా మీద గోలు కొట్టాడు. అది వైద్యులు సిద్ధంగా ఉన్న మైదానం అనుకుంటే, మన హైదరాబాద్ ఆరాంఘర్ కూడలిలో వైద్యులెవరూ లేరు. 2023 ఫిబ్రవరిలో అక్కడ రోడ్డు పక్కన ఒకాయన కుప్పకూలితే, విధుల్లో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ అక్కడే కూర్చుని రొమ్ము నొక్కి బతికించాడు. ఆ తరువాతి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం సిపిఆర్, అంటే ఇలా రొమ్ము నొక్కి కాపాడే పద్ధతిలో శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ శిక్షణ ప్రతి బడిలో పి.ఇ.టి. మాస్టారి దాకా, ఆయన నుంచి తొమ్మిది, పదో తరగతి పిల్లల దాకా రావాలి.

సైతామా పాప తల్లిదండ్రులు ఆ తరువాత ఏం చేశారో చెప్పాలి. బిడ్డ పోయిన ఏడాదికి నగర విద్యాశాఖతో కలిసి కూర్చుని, ఉపాధ్యాయుల కోసం ఒక శిక్షణ పుస్తకం తయారు చేయించారు. ఆ పుస్తకానికి తమ బిడ్డ పేరు పెట్టారు. ఊపిరి ఉందో లేదో తేల్చుకోలేకపోతే గుండె ఆగిందనే అనుకుని రొమ్ము నొక్కాలి, యంత్రం తగిలించాలి అన్నది అందులో ముఖ్యమైన మాట. ఆ పదకొండు నిమిషాలు ఇంకో బడిలో ఇంకో బిడ్డకు రాకూడదని వాళ్ళు కోరుకున్నారు.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. మన వైపు గాని, వియ్యాలవారి వైపు గాని, నలభై ఏళ్ళు నిండకుండా హఠాత్తుగా పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉంటే ఆ పేర్లు, వయసు, ఎలా పోయారో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితంతో పాటు పిల్లలను కూడా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.